ఆలుమగల కలహము – మనోవిశ్లేషణ చికిత్సా చరిత్రము

ఆలుమగల కలహము అన్నము తినునంతవఱకే యని మన పెద్దలందురు. పెక్కు కాపురముల యెడ ఈ మాట నిజమే. కాని అన్నము తిని చేయి కడిగికొన్న పిదపను, ఏండ్లు గడచిన పిదపను, బిడ్డల పెండ్లిండ్లయిన పిదపను చల్లారని కలహములు కొన్ని గలవు. అట్టివానికి మూలమెచ్చట నున్నదో వెదకుటకు గత నూఱేండ్లలో వియెన్నా, న్యూయార్కు, లండను నగరములందు కొందఱు పడిన శ్రమకు ఒక చరిత్ర గలదు. దానిని మాకు తెలిసినంతవఱకు ఈ సంచికయందు పాఠకులకు నివేదింపదలచితిమి.

మేము మెట్రిక్యులేషను వఱకే చదివినవారము. దక్షిణ ఒడిశాలోని యొక న్యాయస్థానపు కార్యాలయమున ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి గొంటిమి. దాంపత్యవ్యాజ్యముల కాగితములు నంబరు పడి మా బల్లమీదుగా పోవుచుండెడివి. వానిని చూచి చూచి మాకొక సంగతి తోచెను. మాటకారి పిల్ల యని మెచ్చి చేసికొన్న భర్త పదేండ్లకు ఆమె నోటిదురుసును గూర్చి అర్జీ పెట్టును. నెమ్మదస్తుడని సంతసించి చేసికొన్న భార్య, అతడు బండరాయివలె పలుకడని ప్రమాణపత్రము దాఖలు చేయును. పెండ్లినాటి గుణమే వ్యాజ్యమునాటి నేరము! ఇది యెట్లగుచున్నదో వకీళ్ళెవరును చెప్పలేదు. చట్టములో దానికి సెక్షను లేదు. విశ్రాంతికాలమున గ్రంథాలయమునందు చదువుకొనుచుండగా, ఇదే సంగతిని లండనులో కొందఱు డెబ్బదియేండ్లకు ముందే పట్టుకొని, దానిపై ఒక చికిత్సనే నిర్మించిరని తెలిసికొంటిమి.

ఈ కథకు మొదలు వియెన్నా. సిగ్మండ్ ఫ్రాయిడ్ (1856–1939) అను వైద్యుడు, మనిషికి తెలిసిన మనస్సు కొంచెమే యనియు, తెలియని మనస్సు, అనగా అచేతనము, దానికంటె ఎంతయో పెద్దదనియు బోధించెను. బాల్యమున తల్లిదండ్రుల యెడ కలిగిన ప్రేమ, భయము, అసూయ మఱచిపోయితిమనుకొన్నను నశింపవు. పెద్దయైన పిదప ఇతరులతోడి సంబంధములందు మరల తలయెత్తును. చికిత్సకు వచ్చినవారు సోఫామీద పరుండి మనసుకు తోచినదెల్ల చెప్పవలెను. వైద్యుడు తలవైపు కూర్చుండి వినవలెను. కొంతకాలమునకు రోగి తన తండ్రిమీది కోపమును, తల్లిమీది ఆశను ఆ వైద్యునిమీదనే చూపనారంభించును. ఆ చూపుటను పట్టుకొని, ఇది నాది కాదు, నీ చిన్ననాటిది యని విప్పి చెప్పుటయే చికిత్సకు ప్రాణము.

ఇట్టి బోధయందు దాంపత్యమునకు ముఖ్యస్థానము దొరకవలసినదే కదా. తండ్రినీడ వారమున కైదాఱు గంటలు చూచు వైద్యునిమీదనే పడినప్పుడు, రాత్రింబవళ్ళు ఒక కప్పుక్రింద నుండు భర్తమీద పడకుండునా? ఐనను ఫ్రాయిడ్ తన గదితలుపును రోగి బంధువులకు తెఱవలేదు. 1912లో వైద్యులకు వ్రాసిన సలహాలలో, బంధువుల విషయమున తనకేమియు పాలుపోదని ఒప్పుకొనెను. తరువాత 1917లో ప్రకటింపబడిన ఉపన్యాసములందు ఇంకొంచెము ఘాటుగానే మాటలాడెను. శస్త్రచికిత్స జరుగుచున్న బల్లచుట్టును ఇంటివారందఱు మూగి, కోతకోతకును ముక్కు దూర్చినచో ఎన్ని చికిత్సలు ఫలించునని అడిగెను. భార్యకు నయమైనచో తన గుట్టు బయటపడునని భర్త చికిత్సను నడుమనే మాన్పించుట ఆయన అనుభవములోనిదే. అందుచేత ఆయన దృష్టిలో భర్త యనువాడు వైద్యమునకు అడ్డు. వైద్యము పొందదగినవాడు గాడు.

దీనికొక అపవాదము గలదు. 1920లో జేమ్స్ స్ట్రేచీ, అలిక్స్ స్ట్రేచీ అను ఆంగ్ల దంపతులు క్రొత్తగా పెండ్లియాడి వియెన్నా చేరిరి. మొదట భర్తయే ఫ్రాయిడ్ వద్ద విశ్లేషణమునకు కుదిరెను. కొలదికాలమునకు భార్యకు ఆందోళన కలుగగా ఆమెను గూడ ఆయన చేర్చుకొనెను. ఇద్దఱిని ఏకకాలమున, కాని వేఱువేఱుగా, చూచెను. ఆ దంపతులే తరువాత ఫ్రాయిడ్ రచనలను ఇంగ్లీషులోనికి తెచ్చినవారిలో ముఖ్యులైరి. తాను చేసిన ఈ పనిని మాత్రము ఆయన ఇతరులకు మార్గముగా చెప్పలేదు.

అమెరికాలో క్లారెన్స్ ఓబర్న్‌డార్ఫ్ అను విశ్లేషకుడు 1938లో దంపతుల విశ్లేషణమును గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. ఆయన పద్ధతి ఒకరి తరువాత ఒకరిది: భార్య చికిత్స ముగిసిన పిదప భర్త, లేదా భర్తది ముగిసిన పిదప భార్య. పదేండ్లకు, 1948లో, న్యూయార్కునందలి బేలా మిటెల్‌మన్ ఇంకొక అడుగు వేసెను. భార్యాభర్తల నిద్దఱను ఒకే కాలమున, ఒకే వైద్యుడు, వేఱువేఱు గంటలయందు చూడవచ్చునని వ్రాసెను. ఒకరి మనోరోగము రెండవవారి మనోరోగముతో తాళమును తాళపుచెవియువలె అమరియుండునని ఆయన గమనించెను. ఒకరు ఆజ్ఞాపించుటకు ఎంత ఆత్రపడుదురో, వేఱొకరు లోబడుటకు అంత ఆత్రపడుదురు. సాటి విశ్లేషకులకు ఇది రుచింపలేదు. ఒకరి రహస్యము వైద్యుని చెవినుండి రెండవవారి చెవిలో పడునని వారి భయము. ఆ భయము నిరాధారమని మేమనజాలము. పల్లెలలో పెద్దమనిషి తగవు తీర్చబోయి ఇరువైపుల మాటలు మోసి తగవును పెంచుట మనమెఱుగనిది కాదు.

అసలు మలుపు రెండవ ప్రపంచయుద్ధానంతరము లండనులో కలిగెను. ఇంగ్లండు, వేల్సులలో 1938లో ఆఱువేలకు కొంచెము పైగా నుండిన విడాకులు 1947లో అఱువదివేలు దాటెను. 1937 నాటి చట్టము విడాకులకు కారణములను విస్తరింపజేసియుండుట ఒక హేతువు. ఆఱేండ్ల యుద్ధము రెండవది. తొందరలో జరిగిన పెండ్లిండ్లు, ఏండ్లతరబడి ఎడబాటు, తిరిగివచ్చిన సైనికుడు తన బిడ్డకే పరాయివాడగుట – ఇవన్నియు నొక్కసారి న్యాయస్థానముల మెట్లెక్కెను. ప్రభుత్వము నియమించిన డెన్నింగ్ సంఘము 1947లో నివేదిక యిచ్చి, విడాకుల యంత్రమును సరిచేయుటతో చాలదనియు, కాపురములను నిలుపు సంస్థలకు ప్రభుత్వసాయముండవలెననియు చెప్పెను.

ఆ నివేదికకు మఱుసటి యేడు, 1948లో, లండనునందు ఫ్యామిలీ డిస్కషన్ బ్యూరో అను చిన్నసంస్థ పుట్టెను. దానిని స్థాపించినది ఎనిడ్ ఐక్‌హోల్జ్ అను స్త్రీ. ఆమె వైద్యురాలు కాదు. యుద్ధకాలమున ఇండ్లు వాకిండ్లు కోల్పోయిన నగరవాసులకు సలహాలిచ్చు సేవయందు పనిచేసిన సాంఘిక సేవిక. రేషను కార్డు, ఇంటి అద్దె, తప్పిపోయిన సామాను అని వచ్చినవారు, కాసేపటికి ఇంటిలోని పోరు చెప్పుకొనుచుండుట ఆమె చూచెను. మా అనుభవమును అట్టిదే. జనన ధృవపత్రము నకలుకై వచ్చిన మనిషి గుమాస్తా బల్లయొద్ద అల్లుని సంగతి యెత్తును. కాని మనము ఆ మాట విని, ముద్ర వేసి పంపివేయుదుము. ఆమె ఆ మాటను పట్టుకొనెను. టావిస్టాక్ సంస్థవారి మనోవిశ్లేషకుల సాయము కోరెను. ఆమె తొలివివాహము నిలువలేదు. హంగరీనుండి వచ్చిన మైకేల్ బాలింట్ అను విశ్లేషకుడు ఈ బ్యూరో పనిలో తోడుకాగా, 1953లో వారిద్దఱు పెండ్లియాడిరి. నేడు గ్రంథములందు ఆమె పేరు ఎనిడ్ బాలింట్ అనియే కానవచ్చును. జర్మనీనుండి 1939లో శరణుజొచ్చి వచ్చిన లిలీ పింకస్ ఆ బ్యూరోలోని మఱియొక ముఖ్యురాలు. ఆమె సంపాదకత్వమున 1960లో వెలువడిన వివాహవిషయక గ్రంథము ఈ పద్ధతిని లోకమునకు తెలిపెను.

వారి పద్ధతి వినదగినది. దంపతులకు ఇద్దఱు సేవికలు – భర్తకొకరు, భార్యకొకరు. వారమునకొక గంట ఎవరి గదిలో వారు. ఆ తరువాత ఆ సేవికలిద్దఱు, ఒక విశ్లేషకుని సమక్షమున, తాము విన్నది ఒకరికొకరు చెప్పుకొనవలెను. ఇక్కడ ఎవరును ఎదురుచూడని వింత జరిగెను. భర్తను వినుచున్న సేవిక భర్తపక్షమునను, భార్యను వినుచున్న సేవిక భార్యపక్షమునను నిలిచి, స్నేహితురాండ్రైన వారిద్దఱు ఆ చర్చలో పోట్లాడుకొనసాగిరి! ఆ దంపతులు ఇంట ఏ తీరున పోట్లాడుదురో సరిగా అదే తీరున. భర్త మౌని యైనచో అతని సేవికయు చర్చలో మూగవడును. భార్య ఫిర్యాదులతో ముంచెత్తునదైనచో ఆమె సేవికయు అట్లే మాటలాడును. మొదట ఇది తమ లోపమని సిగ్గుపడిరి. పిదప ఇదియే గొప్ప సాధనమని గ్రహించిరి. దంపతులు మాటలలో చెప్పలేనిదానిని సేవికలలో నాటుచున్నారు. సేవికలు తమ్ము తాము చూచుకొన్నచో దంపతుల కథ తెలియును. అదే సంస్థకు చెందిన జానెట్ మాటిన్‌సన్ 1975లో ఈ ప్రతిబింబ వ్యాపారముపై ప్రత్యేకముగా నొక పుస్తకమే వ్రాసెను.

మన పెద్దమనుషుల పంచాయతీలలో ఆడపిల్లవారి పెద్ద, మగపిల్లవాని పెద్ద ఒకరిపై నొకరు లేచుట చూచినవారమే మనమందఱము. ఆ లేచుటలో ఇంటి గుట్టు దాగియున్నదని, ఆగి దానిని చదువవలెనని మనకు ఎవరును నేర్పలేదు.

ఇదే కాలమున, 1949లో, టావిస్టాక్ వైద్యశాలయందు హెన్రీ డిక్స్ అను వైద్యుడు దంపతులకై ఒక విభాగము తెఱచెను. ఆ వైద్యశాల 1920లో, మొదటి యుద్ధమునుండి మనస్సు చెదరి వచ్చినవారికై వెలసినది. డిక్స్ సామాన్యుడు కాడు. జర్మను నాయకుడు రుడాల్ఫ్ హెస్ 1941లో బ్రిటనునకు విమానమున వచ్చి బందీయైనప్పుడు అతనిని కనిపెట్టియుండిన వైద్యులలో నొకడు. శత్రువు మనస్సును చదివినవానికి దంపతుల మనస్సు ఒక లెక్కయా యని మనము నవ్వుకొనవచ్చును గాని, దంపతుల మనస్సే కష్టతరమని ఆయన గ్రంథము చదివినవారికి తోచకపోదు. ఆయన విభాగమున భార్యాభర్తలను ఒకే గదిలో, ఇద్దఱు వైద్యుల యెదుట, కలిపి కూర్చుండబెట్టు పద్ధతి స్థిరపడెను. అనగా ఫ్రాయిడ్ మూసిన తలుపు ముప్పదియేండ్లకు పూర్తిగా తెఱచుకొనెనన్నమాట. ఆయన అనుభవసారము 1967లో ‘మారిటల్ టెన్షన్స్’ అను గ్రంథముగా వెలువడెను.

డిక్స్ చెప్పినదేమి? దాంపత్యమునకు మూడంతస్తులు గలవు. మొదటిది సంఘమునకు కనబడునది: వంశము, మతము, చదువు, ఆస్తి, అలవాటులు. రెండవది ఒక్కొక్కరు తెలిసియే మనసులో పెట్టుకొన్న కోరికలు, విలువలు: భర్త యిట్లుండవలెను, భార్య యిట్లుండవలెను అనునవి. మూడవది ఇద్దఱికిని తెలియని అచేతన బంధము. మన పెండ్లి పెద్దలు మొదటి అంతస్తును దీపము పెట్టి వెదకుదురు. రెండవదానిని గూర్చి ఈ కాలమున పిల్లను పిల్లవానిని కొంత అడుగుచున్నారు. మూడవదానిని చూపు జాతకము ఏ సిద్ధాంతియు వ్రాయలేదు.

ఈ మూడవ అంతస్తును వివరించుటకు డిక్స్ ఇద్దఱి సిద్ధాంతములను వాడుకొనెను. ఒకరు ఎడింబరో నగరవాసి ఫెయిర్‌బెయిర్న్. శిశువు తల్లివద్ద చెల్లని భావములను, ఏడ్పునో కోపమునో ఆశనో, లోపల తెగగొట్టి పాతిపెట్టుననియు, పాతిపెట్టినది చావక అక్కడనే జీవించుననియు ఆయన మతము. రెండవవారు వియెన్నాలో పుట్టి లండనులో స్థిరపడిన మెలనీ క్లైన్. తన మనస్సున తాను భరింపలేని భాగమును ఎదుటివారిలో పెట్టి, అది వారిదే యని నమ్ముట అను వ్యాపారమును ఆమె 1946లో వివరించెను. ఎదుటివారు నిజముగా అట్లే ప్రవర్తించునట్లు మనమెఱుగకయే చేయుదుమని తరువాతివారు చేర్చిరి. ఆ తరువాతివారిలో ప్రముఖుడైన బయాన్ 1897లో మన మథురానగరమున జన్మించినవాడు.

ఇది శాస్త్రపరిభాషలో చెప్పిన తలకెక్కదు. ఇంటి ఉదాహరణమొకటి మేమే కల్పించి చెప్పుదుము. ఒక భర్త పిసినారి, అతని భార్య దుబారా మనిషి అనుకొందము. భర్త పుట్టినింట ఏదైనను అడుగుట సిగ్గుమాలినపని. చిన్ననాడే అతడు కోరుకొనుట మానెను. మానుట కాదు, పాతిపెట్టెను. నోరారా కోరి, నవ్వి, ఖర్చుపెట్టు పిల్ల అతనికి ముచ్చటగా కనబడెను. తాను పోగొట్టుకొన్నది ఆమెలో సజీవముగా నుండెను. భార్య పుట్టినింట అదుపు చేయు పెద్దదిక్కు లేదు. లెక్కపెట్టి నిలిపెడు మనిషి ఆమెకు నీడగా కనబడెను. పెండ్లియైనది. ఇక అతడు తనలో తాను శిక్షించిన కోరికను ఆమెలో శిక్షింపసాగెను. ఆమె తనలో లేని అదుపును అతనికి అప్పగించి, ఆ అదుపునే ద్వేషింపసాగెను. అతని కోరికలన్ని ఆమె కోరును. ఆమె జాగ్రత్తలన్ని అతడే పడును. ఒకరి పని ఇంకొకరు చేసిపెట్టుచున్నారు! అందుచేతనే జమాఖర్చు పుస్తకము ముందు పెట్టి ఎంత రాజీ చేసినను ఆ కలహము తీరదు. తీరినచో అతడు తన కోరికను, ఆమె తన భయమును స్వయముగా మోయవలసివచ్చును.

స్విట్జర్లాండునందలి యూర్గ్ విల్లి 1975లో ప్రకటించిన గ్రంథమున దీనికి పెట్టిన పేరునకు మన భాషలో చక్కని మాట యున్నది – లోపాయికారీ ఒప్పందము. న్యాయస్థానములో పనిచేసినవారికి ఈ మాట బాగుగా తెలియును. పైకి వాది ప్రతివాదులు. లోపల ఒకే మాటమీద నున్నవారు. ఐతే ఈ ఒప్పందము చేసికొన్నవారికే తెలియదు. సాక్షిసంతకములు లేవు, స్టాంపు లేదు, రిజిస్ట్రేషను లేదు. ఐనను వ్రాతపత్రముకంటె గట్టిది. పెండ్లినాటి గుణము వ్యాజ్యమునాటి నేరమెట్లగునో మాకు అప్పుడు తెలిసినది.

దీనినిబట్టి తప్పెవరిది యను ప్రశ్నకు ఈ చికిత్సయందు చోటు తక్కువ. వైద్యుని యెదుట కూర్చున్నది భర్తయు గాదు, భార్యయు గాదు. వారి సంబంధమే రోగి. టావిస్టాక్‌వారు నేటికిని తమ శిష్యులకు మొదట నేర్పునది ఇదియే. ఒకరిపై దయ కలిగినప్పుడు, ఆ దయ తనలో ఎవరు పుట్టించిరో, దానివలన రెండవవారికి ఏమి మిగిలెనో చూచుకొనవలెను. ఈ చికిత్స నెలలతరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్లతరబడి సాగును. కాపురము నిలుపుటయే ధ్యేయమని గూడ వారనరు. అచేతన బంధము విడివడిన పిదప కొందఱు కలిసియుందురు. కొందఱు మునుపటికంటె తక్కువ ద్వేషముతో విడిపోవుదురు.

1960ల తరువాత అమెరికాలో ఈ మార్గము కొంత వెనుకబడెను. ఇంటిల్లిపాదిని ఒక యంత్రమువలె చూచు కుటుంబచికిత్సయు, నడవడిని అభ్యాసములచే మార్చు చికిత్సయు ముందుకు వచ్చెను. బాల్యము త్రవ్వనేల, మాటలాడుకొను తీరు నేర్పినచో చాలునని వారి వాదము. ఈ రెంటిని సరిపోల్చి చూచిన ప్రసిద్ధ పరిశోధన డగ్లస్ స్నైడర్, ఆయన సహచరులది. 1989లో ప్రకటించిన మొదటి ఫలితమున రెండు పద్ధతులును సమానముగా పనిచేసినట్లు కనబడెను. నాలుగేండ్ల తరువాత ఆ దంపతులను మరల విచారింపగా, 1991లో వెల్లడియైన లెక్క వేఱుగా నుండెను: నడవడిచికిత్స పొందినవారిలో నూటికి 38 జంటలు విడాకులు పొందియుండగా, అంతర్దృష్టిచికిత్స పొందినవారిలో నూటికి 3 మాత్రమే. ఆ పరిశోధనకు తీసికొన్న జంటలు కొలదియే. పోల్చిన రెండు చికిత్సలకు చెప్పినంత భేదము లేదని నడవడిచికిత్సవారు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణను త్రోసిపుచ్చుటకు మాకు విద్య చాలదు. కాని ఫలితమును నాలుగేండ్లు ఆగి చూచుట యను పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. మన రాజీలను ఆ నాటి సాయంకాలమే లెక్కవేసికొని ఇంటికి పోవుదుము.

ఇక మన దేశము మాట. కలకత్తాలో గిరీంద్రశేఖర బోసు 1922లోనే భారత మనోవిశ్లేషణ సంఘమును స్థాపించి, ఫ్రాయిడ్‌తో ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను. ప్రతి కోరికకు ప్రక్కనే దాని ఎదురుకోరిక దాగియుండునని ఆయన స్వతంత్ర సిద్ధాంతము. కొట్టవలెనను కోరికతోనే కొట్టించుకొనవలెననునదియు నుండునట! లండనువారు దంపతులయందు కనుగొన్నదానికి ఇది దూరపు చుట్టము కాదు. ఐనను బోసు విద్య దాంపత్యచికిత్సగా పెరుగలేదు. మన దేశమున కుటుంబము వైద్యశాలలోనికి వచ్చినది వేఱొక దారిని. 1950లలో అమృతసరమున విద్యాసాగర్ అను వైద్యుడు మనోరోగుల బంధువులను గుడారములలో నుంచి, రోగులతోపాటు ఉండనిచ్చెను. వేలూరి క్రైస్తవ వైద్యకళాశాలవారి మానసిక వైద్యకేంద్రమున రోగితో ఇంటివారును చేరియుండు ఏర్పాటు గలదు. బెంగుళూరునందలి నిమ్హాన్సులో కుటుంబ మనోవైద్యమునకు ప్రత్యేకవిభాగమే యున్నది. ఫ్రాయిడ్‌కు అడ్డుగా తోచిన బంధువులు మన వైద్యులకు చేతికఱ్ఱ యైరి. కర్ణాటక, తమిళనాడులందలి మన తెలుగువారికి ఈ రెండు స్థలములు చేరువలోనివే.

ఎవరికి వారు వరించుకొను ఆంగ్లేయుల శాస్త్రము పెద్దలు కుదిర్చిన పెండ్లికి చెల్లునా యని పాఠకులడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. సుధీర్ కక్కర్ (1938–2024) అను మన మనోవిశ్లేషకుడు 1978లో వెలువరించిన గ్రంథమున, ఉమ్మడికుటుంబములో ఆలుమగల సాన్నిహిత్యము పెరుగుట ఇంటికి అపాయముగా తోచునని, అందుచేత తల్లికొడుకుల బంధమే పైచేయిగా నుండునని చెప్పెను. మా తలంపు ప్రకారము, ఎన్నుకొనుట పెద్దలదైనను ఆరోపించుట దంపతులదే. మూడుముళ్ళు పడిన మఱునాటినుండి ఎవరి పాతిపెట్టినది వారు ఎదుటివారిలో వెదకుకొందురు. మేనరికములలో ఇది ఇంకను చిక్కు. అత్తయే మేనత్త యైనప్పుడు, తన తండ్రికిని ఆయన తోబుట్టువునకు నడుమ ఏనాడో మిగిలిన లెక్కలు కోడలి వంటగదిలో తేలును. ఆ పిల్ల పుట్టకముందటి కలహమును ఆ పిల్ల కాపురము చేయుచుండును.

మన ప్రవాసకుటుంబములకు వేఱొక ముడి గూడ గలదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి గంజాము జిల్లాలో అధికభాగము అందు చేరినప్పుడు, మా పెద్దలు కదలకయే పరరాష్ట్రవాసులైరి. నాటినుండియు సోంపేట, టెక్కలి ప్రాంతములనుండి కోడండ్రను తెచ్చికొనుచునే యున్నాము. అచ్చ తెలుగుపిల్ల వచ్చినదని పండుగ చేసికొందుము. ఆమె తెలుగు విని మా తెలుగు చెడినదని లోలోపల కుంగుదుము. ఆ కుంగుబాటును ఒప్పుకొనలేక, ఆమెకు ఇరుగుపొరుగుతో ఒడియా మాటలాడుట రాదని, బజారు చేయలేదని తప్పుపట్టుదుము. బళ్ళారిలోను, హోసూరులోను, షోలాపురములోను ఇట్టిదే జరుగుచుండునని మా ఊహ. తనలోని కొఱతను ఎదుటివారిలో పెట్టుట యనుదానికి ఇంతకంటె ఉదాహరణమేల?

ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఇద్దఱిదియు పాలున్నదను ఈ మాట, చేయిచేసికొను భర్తల చేతిలో పడినచో విషమగును. నీవు రెచ్చగొట్టితివి, అందుచే కొట్టితిని అనుటకు ఇది శాస్త్రప్రమాణమగును. ఈ మార్గమువారి పూర్వగ్రంథములలో ఈ జాగ్రత్త చాలినంత కనబడదని స్త్రీల పక్షమున విమర్శ వచ్చినది. అది సరియైన విమర్శ. దెబ్బకు భయపడు స్త్రీని ఆ మనిషి ప్రక్కనే కూర్చుండబెట్టి మనసు విప్పుమనుట చికిత్స కాదు. అచ్చట ముందు రావలసినది రక్షణ. మన దేశమున 2005 నాటి గృహహింస నిరోధక చట్టము అందుకే యున్నది.

చట్టముల ప్రసక్తి వచ్చినది గనుక, మా పూర్వవృత్తికి చేరువయైన సంగతి యొకటి చెప్పెదము. 1955 నాటి హిందూ వివాహచట్టముననే, తీర్పునకు ముందు దంపతులను సమాధానపఱచుటకు న్యాయస్థానము యత్నింపవలెనని యున్నది. 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము ఇంకొక అడుగు వేసి, కౌన్సెలర్లను నియమింపజేసినది. ఆ చట్టము క్రింద వకీలు ద్వారా మాటలాడుట హక్కు కాదు. న్యాయస్థానము తగుననుకొన్నచో అనుమతించును. దంపతులు తమ నోటితో తాము చెప్పుకొనవలెనని దీని యుద్దేశము. మంచిదే. కాని ఏ భాషలో? మనస్సు లోతులనుండి వచ్చు మాట తల్లినుడిలోనే వచ్చును. సోంపేట కోడలి తెలుగును, ఒడియా తప్ప ఎఱుగని కౌన్సెలరునకు భర్త పినతండ్రియే మార్చి చెప్పిన సందర్భమును మేమెఱుగుదుము. ఆమె చాలసేపు మాటలాడెను. ఆయన ఒక్క వాక్యము చెప్పెను. రికార్డులో ఆ వాక్యమే మిగిలెను.

అందుచేత మన సంఘములవారు చేయదగిన పని యొకటి గలదు. ఏ పట్టణమునందైనను రెండు భాషలు చక్కగా తెలిసి, ఉభయపక్షములకు చుట్టఱికము లేని తెలుగు స్త్రీలు ఉందురు – ఉపాధ్యాయినులు, నర్సులు, విశ్రాంత ఉద్యోగినులు. వారి పేర్ల పట్టికను కుటుంబ న్యాయస్థానములకును, ప్రభుత్వ వైద్యశాలల మానసిక విభాగములకును సంఘము ద్వారా ఏటేట పంపవచ్చును. సాంఘిక సంస్థల సాయము పొందుటకు 1984 చట్టమున 5వ సెక్షనులో వీలున్నది. వారిలో ఒకరిద్దఱిని బెంగుళూరునకో వేలూరునకో పంపి కొంత శిక్షణ యిప్పించుట మఱింత మేలు. మా పట్టణమున ముగ్గురు స్త్రీలు ఇందుకు సమ్మతించి, తమ పేర్లు సంఘము కార్యదర్శికి ఇచ్చియున్నారు.